తండ్రి ఉన్నవాడి మీసం

మా చిన్నాన్న అసిరయ్య మొన్న వానాకాలంలో పోయాడు. పోర్ట్ బ్లెయిర్ మిన్నీ బేలో కూతురి ఇంట్లో, పగటిపూట, పిన్ని ఒడిలో తల పెట్టుకుని గంజి తాగుతూ తాగుతూ కళ్ళు మూసుకున్నాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాసివ్వమని మా తెలుగు సంఘం కుర్రాళ్ళు అడిగారు. ఏటా వాళ్ళు ఒక చిన్న పుస్తకం వేస్తారు. అందులో నా గురించి ఇదివరకే వచ్చింది, ఫోటోతో సహా. చిన్నాన్న గురించి ఎప్పుడూ రాలేదు. ఆయన ఏ పదవీ చేయలేదు, ఎవరిచేతా శాలువా కప్పించుకోలేదు. చేపలు పట్టాడు, నన్ను పెంచాడు, మా నాన్న కోసం ఎదురుచూశాడు.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన చేసిందేమిటో తెలియదు.

నేను రెండో తరగతి వరకే చదివాను, అదీ శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక తాటాకు బడిలో. ఆ చదువుతోనే పోర్ట్ బ్లెయిర్‌లో సర్కారు ఫెర్రీ మీద లస్కరుగా, అంటే తాళ్ళు లాగే పనివాడిగా చేరి, పరీక్షలు గట్టెక్కి, సరంగునయ్యాను. అంటే బోటంతా నా మాట మీద నడిచేది. మా జంగ్లీఘాట్ తెలుగు పేట నుంచి సర్కారు బోటుకు చుక్కాని పట్టిన మొదటివాణ్ణి నేనే. సునామీనాడు జెట్టీకి కట్టిన తాళ్ళు నరికించి, బోటును లోతు నీళ్ళలోకి తీసుకుపోయి నిలబెట్టాను. దానికి గీత కూడా పడలేదు. ఆగస్టు పదిహేనున మైదానంలో అందరి ముందూ పతకం ఇచ్చారు. పేటలో రామాలయానికి శ్లాబు పడింది నేను సంఘం అధ్యక్షుడిగా ఉన్నప్పుడే. కుళాయి నీళ్ళు వీధి చివరిదాకా తెచ్చిందీ నేనే. అమ్మాయి నర్సు, అబ్బాయి బడిపంతులు. మిడిల్ పాయింట్‌లో సొంత ఇల్లు. ఇవన్నీ ఎవరు దొరికితే వారికి చెప్పుకోవడం నా అలవాటు. ఈమధ్య చెబుతూ చెబుతూ సగంలో ఆపేస్తున్నాను. ఎందుకో ఓపిక ఉండడం లేదు.

మా నాన్న పేరు యర్రయ్య. అసిరయ్య ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. మా అమ్మ నూకరత్నాన్నీ, నన్నూ, అప్పటికి పెళ్ళికాని తమ్ముణ్ణీ విశాఖపట్నంలో ఓడ ఎక్కించి ఇక్కడికి తీసుకొచ్చింది నాన్నే. వచ్చిన మరుసటి ఏడాది, మబ్బు పట్టిన ఒక పొద్దున, మరో ఇద్దరితో కలిసి తెరచాప పడవ మీద తూర్పుకు వేటకు వెళ్ళాడు. చిన్నాన్నకు ఆ రోజు జ్వరం. లేకపోతే ఆయనా వెళ్ళేవాడే. మధ్యాహ్నానికి నైరుతి గాలి లేచింది. పడవ తిరిగి రాలేదు. చెక్కముక్క కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు.

సముద్రం మనిషిని తిరిగి ఇవ్వకపోతే మావాళ్ళు కొన్ని నెలలు చూస్తారు. తరువాత గడ్డితో మనిషంత బొమ్మ కట్టి, పోయినవాడి చొక్కా తొడిగి ఒడ్డున కాలుస్తారు. కర్మ చేస్తారు. భార్య గాజులు తీస్తారు. అక్కడితో ఆ మనిషి పోయినట్టు. బతికున్నవాళ్ళు తమ పనుల్లో పడతారు.

మా నాన్న పోవడానికి కొన్నాళ్ళ ముందు ఈ పద్ధతే మా పేటలో ఒకరి కొంప ముంచింది. పెద్దబ్బాయి అనే ఆయన అలాగే గాలికి కొట్టుకుపోయాడు. గడ్డిబొమ్మ కాల్చారు. ఆయన భార్య గురువమ్మ బొట్టు చెరిపారు. పేటంతా పెద్దకర్మ భోజనం తిన్నది. కొన్నాళ్ళకు ఆయన, గాలికి బర్మా ఒడ్డున పడి చిక్కుకున్న జైలు నుంచి విడుదలై, బొడ్డు దాకా గడ్డంతో, ఓడ దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. గురువమ్మ గుమ్మంలోంచి చూసి, లోపలికి వెళ్ళి గడియ పెట్టేసుకుంది. బోసి మెడతో మొగుడి ఎదుట ఎలా నిలబడాలో ఆమెకు తోచలేదు. తలుపు తీయించడానికి ఆడవాళ్ళకు పొద్దు గూకింది.

పెద్దలు కూర్చుని, చచ్చినవాడికి మళ్ళీ బారసాల చేసి మళ్ళీ తాళి కట్టించాలని తేల్చారు. అంత మనిషిని పీట మీద కూర్చోబెట్టి చెవిలో పేరు చెప్పారు. అన్నీ చేసినా జనం మనసు సర్దుకోలేదు. పెళ్ళిళ్ళలో ఆయన్ను ముందు కూర్చోనిచ్చేవారు కారు. వేటకు బయల్దేరినవాళ్ళు ఆయన ఎదురైతే వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కునేవారు. ఆయనకది తెలుసు. ఎవరైనా మొహం తిప్పుకుంటే ఆపి మరీ అడిగేవాడు.

“నా పెద్దకర్మ కూడు తిన్నావు గదా, కూరలో ఉప్పు సరిపోనాదేట్రా?”

అందుకే, మా నాన్న వెళ్ళిన కొన్ని నెలలకు పెద్దలు మా పాకలోకి వచ్చి కూర్చున్నప్పుడు, చిన్నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన మీద ఇంకా ఇంటి బరువు పడని వయసు. నేను అమ్మ పక్కన ఉన్నాను.

“ఓరి అసిరీ, ఎన్నాలు సూస్తావు? బొమ్మ కాల్చీసి ఆ మనిసిని ఒడ్డున పడీరా.”

“నాను కాల్చను. మా అన్నొచ్చి తలుపు కొడితే మా వొదిన గడియేసుకోకూడదు.”

“రాపోతే?”

“రాపోతే రాడు. సూద్దుము.”

ఆ ‘సూద్దుము’ ఆయన జీవితమంతా సాగింది.

మా అమ్మ బొట్టు, గాజులు అలాగే ఉండిపోయాయి. చిన్నాన్న వేటకు వెళ్ళి ఇద్దరినీ పోషించాడు. సూరమీను లాంటి ఖరీదు చేప పడితే బజారుకు, తరిణి లాంటి చిన్న చేప పడితే ఇంటికి. అమ్మ దాన్ని ఉప్పేసి ఎండబెట్టేది. ఆయన అరచేతుల్లో గాలపు తాడు కోసిన గీతలు ఎప్పుడూ పచ్చిగానే ఉండేవి. ఆ చేతులతోనే నాకు అన్నం కలిపి పెట్టేవాడు, ఉప్పు తగిలి మండుతుంటే ఊదుకుంటూ.

ఒకనాడు అలా ముద్ద పెడుతుంటే నేను “అయ్యా, చాలు” అన్నాను. మాలో తండ్రిని అయ్యా అంటాం. ఆయన కలిపిన చేత్తోనే నా చెంప మీద కొట్టాడు. అదే మొదలు, అదే చివర.

“మీ అయ్య వేరే ఉన్నాడు. ఒచ్చి యినుకుంటే బాధపడతాడు. నాను సిన్నాన్నని.”

తరువాత నా చెంపకంటిన మెతుకులు తనే తుడిచాడు. అప్పటి నుంచి నేను ఆయన్ను చిన్నాన్నా అనే పిలిచాను. ఒక్కసారి కూడా నోరు జారలేదు.

నేను ఈడుకొచ్చాక వేటకు తీసుకెళ్ళమని అడిగితే తీసుకెళ్ళలేదు. చేయి పట్టుకుని ఫెర్రీ ఆఫీసుకు తీసుకుపోయి, అక్కడి మలయాళీ బాబు టేబులు ముందు నన్ను నిలబెట్టాడు. హిందీ సరిగా రాని మనిషి. వచ్చిన ముక్కలతోనే అడిగాడు.

“సాబ్, లడ్కాకో రఖో. ఇంజన్‌వాలా బోట్ మే రఖో. రేడియోవాలా.”

బయటికొచ్చాక నాతో అన్నాడు: “ఇంజనుండాల. రేడియో ఉండాల. నువ్వు ఏడ ఉన్నావో ఒడ్డుకి తెలియాల. అన్నీ ఉన్నాక ఏ పని సెప్పినా సెయ్యి.”

నా ఉద్యోగానికి పునాది అదీ. నేను సరంగునయ్యాక మొదటి ట్రిప్పులో ఆయన్ను ఎక్కించుకున్నాను. ఇస్త్రీ బట్టలతో చుక్కాని దగ్గర నిలబడ్డ నన్ను చూస్తాడనుకున్నాను. ఆయన బోటు ముక్కు దగ్గర చేరి, దారిపొడుగునా తూర్పు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ తరువాత నేను ఎప్పుడు ట్రిప్పు నుంచి వచ్చినా, అన్నం తిన్నావా అని అడగడానికి ముందు ఒకటి అడిగేవాడు: “పరాయి పడవలేటన్నా కనపడ్డాయా?” లేవనేవాణ్ణి. “సర్లే” అనేవాడు. నేను రిటైరయ్యే దాకా అడిగాడు.

ఆయన పెళ్ళి బాగా ఆలస్యంగా జరిగింది. ఫెరార్‌గంజ్‌లో కూరగాయలు పండించే మా తెలుగువాళ్ళ అమ్మాయి కామమ్మను చేసుకున్నాడు. పెళ్ళిచూపుల్లోనే చెప్పేశాడట, ఇంట్లో వదిన, అన్న కొడుకు ఉంటారు, అన్న వస్తే ఇల్లు అన్నదే అని. పిన్ని ఈ మాట చెప్పి నవ్వేది. “మొగుడొక్కడే అనుకుని ఒచ్చినాను. ఈ ఇంట్లో కనపడని మనిసికి కూడా కంచం కడగాల.” కంచం మాట ఊరికే అనలేదు. ఉగాదినాడు మా నాన్నకు కంచం పెట్టేవారు. చచ్చినవాళ్ళకు పెట్టినట్టు ఇస్తరాకులో కాదు, ఇంటి మనిషికి పెట్టినట్టు కంచంలో. అదే రోజు పిన్ని బజారుకు వెళ్ళి ఆకుపచ్చ గాజులు తెచ్చి అమ్మ చేతికి తొడిగేది. తెమ్మని చెప్పేది చిన్నాన్న.

నా పెళ్ళి శుభలేఖలో ‘యర్రయ్య గారి కుమారుడు’ అని వేయించాడు. ముందు కీర్తిశేషులు లేదు. పీటల మీద తాను, పిన్ని కూర్చుని, తాళి కట్టించే ముందు పురోహితుడితో “అన్న తరపున కూకున్నాను, అలాగే సదువు” అన్నాడు. మా అమ్మ ముత్తైదువగానే పోయింది. పసుపు రాసి, గాజులు నిండా వేసి పంపారు. ఆమెకు నిప్పు పట్టింది నేనే, కానీ మీసం తీయలేదు. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదని మాలో నియమం. సింహాచలంలో గుండు కొట్టించుకున్నా మీసం ఉంచుకునే వచ్చాను. మనవలు పుట్టారు, తల నెరిసింది, ఒంట్లో చక్కెర చేరింది. నేనింకా తండ్రి ఉన్నవాణ్ణే.

ఇక అసలు సంగతి.

పోయే ముందు చిన్నాన్న కొన్ని నెలలు మంచం పట్టాడు. జబ్బంటూ ఏమీ లేదు, ఒళ్ళు అరిగిపోయింది. మిన్నీ బేలో కూతురు కళ దగ్గర ఉండేవారు ఆయనా పిన్నీ. ఒకరోజు కళ ఫోను చేసి రమ్మంది. వెళ్ళేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“పైడీ, నాకు నిప్పు నువ్వే పట్టాల.”

“అలాగే సిన్నాన్నా. ఇప్పుడా మాటలెందుకు?”

“ఇప్పుడు గాక, పోయినాక సెప్తానేటి?”

కళ వంటింట్లోంచి అంది, “నాన్నా, అన్నయ్య అప్పుడే వచ్చాడు, చాయ్ అన్నా తాగనీ.”

ఆయనకు మగపిల్లలు లేరు. కళ కొడుకు యువరాజ్ ఉన్నాడు, ఆటో నడుపుతాడు. మనవడు నిప్పు పట్టవచ్చు, తప్పేమీ లేదు. అయినా ఆయన నన్ను అడిగాడు. నిప్పుకుండ పట్టేవాడు కొడుకు. అయ్యా అన్నందుకు చెంప మీద కొట్టిన మనిషి తన నోటితో ఆ మాట అన్నాడు. ఇంత వయసొచ్చాక నాకు కావలసింది ఇంకేమీ లేదని ఆ మంచం పక్కన కూర్చున్నప్పుడే తెలిసింది. చాయ్ చల్లారిపోయింది. తాగడం మరచిపోయాను.

ఇలాంటివాటికి మా పేటలో పెద్దరికం ఇప్పుడు గవరయ్యది. నాకు బావ వరస. రామాలయం అరుగు మీద కూర్చుని విషయం చెప్పాను. అతను లేచి అవతలికి వెళ్ళాడు. నోట్లో కిళ్ళీ ఉమ్మి వచ్చి కూర్చున్నాడు.

“ఒక తండ్రుండగా ఇంకో తండ్రికి నిప్పెలా పడతావు బావా?”

“నన్ను పెంచినాడు.”

“పెంచినాడు. ఒవరు కాదన్నారు? మరి మీ అయ్యని ఏటి సేస్తావు? ముందు ఆయనకి బొమ్మ కాల్చు, కర్మ సెయ్యి, మీసం తియ్యి. అప్పుడు అసిరయ్యకి నువ్వే కొడుకువి. అడ్డేటుంది?”

“మా అమ్మకి నేనే పట్టాను గదా.”

“తల్లి కడుపున పుట్టినావు. అది వేరు. మగోడికి కొడుకుగా నిలబడాలంటే ఇంకో మగోడు పోవాల.”

“నేను సంఘానికి పెద్దగా ఉన్నప్పుడు ఎన్ని పద్ధతులు మార్చలేదు గవరయ్యా? పెళ్ళి ఊరేగింపు మార్చాను, కట్నాలు చదివే దండోరా ఆపించాను...”

“సరంగు బావా, ఇదేటి ఫెర్రీ టైం టేబులా, నువ్వు మార్చడానికి? నువ్వు మొండికేసి పట్టుకున్నావనుకో, పేటలో ఒక్కడు పాడె ముట్టడు. ముసిలాణ్ణి ఆటోలో తీసుకెల్తావా?”

అతను కోపంగా అనలేదు. ఉన్నమాటే చెప్పాడు. నాకూ తెలిసిన మాటే.

దారిలో ఆలోచించాను. మా నాన్న బతికుంటే వందకు దగ్గరపడి ఉంటాడు. ఆయన వస్తాడని నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది. గడ్డిబొమ్మ కట్టడం ఒక పూట పని. ఎదురుచూసి ఎదురుచూసి నేనూ అలసిపోయాను. మర్నాడే వెళ్ళి చిన్నాన్నకు గవరయ్య మాట చెప్పాను. నేను సిద్ధంగా ఉన్నానని కూడా చెప్పాను. ఆయన గోడవైపు తిరిగాడు. ఆ పూట గంజి తాగలేదు.

వంటింట్లో పిన్నిని అడిగాను.

“నాన్న వస్తాడని చిన్నాన్న నిజంగా నమ్మాడా పిన్నీ?”

“నమ్మినాడో లేదో నాకూ తెల్దు నాయనా. అడిగితే ముద్ద దిగేది కాదు. అందుకని అడగడం మానీసినాను.” ఆమె గంజి గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. “ఒకవేల నమ్మనేదనుకో. అన్నాలు నటించినాడంటే మాత్రం సిన్న సంగతా?”

కొన్నాళ్ళు ఆయన నాతో ఆ విషయం ఎత్తలేదు. వెళ్ళేవాణ్ణి, కూర్చునేవాణ్ణి, వచ్చేవాణ్ణి. ఒక సాయంత్రం వాన తెరిపిచ్చినప్పుడు ఒడ్డుకు తీసుకెళ్ళమన్నాడు. యువరాజ్ ఆటో తెచ్చాడు. తాతను ఎత్తి కూర్చోబెట్టి, మిన్నీ బే కట్ట మీద, నీళ్ళు కనిపించేలా ఆటో ఆపాడు. దుప్పటి కప్పుకుని చిన్నాన్న వెనక సీట్లో, నేను పక్కన.

“మీ అయ్య మొకం గేపకముందేట్రా?”

అబద్ధం చెప్పదలచుకోలేదు. “లేదు సిన్నాన్నా. చుట్ట వాసన జ్ఞాపకముంది.”

“నాకూ అందడంనేదు. గొంతు ఇనపడతాది, మొకం రాదు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “గవరయ్య సెప్పింది నాయమే. నువ్వు బొమ్మ కాల్చితే నాకు నువ్వొస్తావు. మా అన్న పోతాడు.”

“ఎప్పుడో పోయుంటాడు సిన్నాన్నా.”

“పోయుంటాడు. అది సముద్రం సూసుకుంది. నాను పంపించనేదు గదా ఇన్నాలూ.” దుప్పట్లోంచి చేయి తీసి నా మోకాలి మీద వెల్లకిలా పెట్టాడు. ఒకప్పటి గాలపు తాడు గీతలు ఇప్పుడు మానిపోయి తెల్లగా ఉన్నాయి. “నాకు నిప్పు కావాలని మా అన్నని పంపీమని సెప్పనేను పైడీ. ఆశపడినాను, సెప్పినాను. వొద్దులే. ఈడు పట్టనీ.”

ముందు సీట్లో యువరాజ్ వెనక్కి తిరిగాడు. “క్యా తాతా? ఏం పట్టాలి?”

“ఏం లేదురా, ముందు సూడు.”

“మరి నేను?” అన్నాను. డెబ్బైకి వచ్చినవాణ్ణి, పతకాలు తీసుకున్నవాణ్ణి, అలా అడిగాను.

“నువ్వు పాడె ముందు పట్టు. బరువు ముందే ఎక్కువ.”

వాన మళ్ళీ మొదలైంది. యువరాజ్ ఆటో పరదాలు దించి, “చలో తాతా, తడిసిపోతారు” అని వెనక్కి తిప్పాడు.

ఆ తరువాత ఎంతోకాలం లేడు. పోయిననాడు పేటంతా మిన్నీ బేకు వచ్చింది. గవరయ్యే దగ్గరుండి పాడె కట్టించాడు. నిప్పుకుండ యువరాజ్ చేతికిచ్చారు. వాడికి ఇవేవీ తెలియవు. అడుగడుగునా వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చితి దగ్గర మెల్లగా అడిగాడు, “మామా, కిధర్ సే ఘూమ్‌నా హై?”

“ఇటు తిరుగు. మెల్లిగా. కుండ వదలకు.”

నేను పాడె ముందు కొమ్ము పట్టాను. చిన్నాన్న చెప్పింది నిజమే, బరువు ముందే ఉంది. మధ్యలో భుజం మార్చుకోమని ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఇవ్వలేదు. వాడు నిప్పు అంటించినప్పుడు నేను రెండో వరసలో, బంధువుల్లో నిలబడ్డాను. పొగ వానకు లేవలేక నేల మీద పాకింది. అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి, ఎవరు ఏడ్చారో ఎవరికీ తెలియలేదు.

పదోరోజు ఒడ్డున చేరాం. ఆడవాళ్ళు పిన్నిని ఒక పక్కకు తీసుకెళ్ళారు. గాజులు తీసే వేళ. నాకు చూడబుద్ధి కాలేదు. కళను పిలిచి, “పిన్నికి ఇవన్నీ వద్దు, గాజులు ఉంచండి. ఎవరైనా అడిగితే నేను చూసుకుంటాను” అన్నాను. కళ మాట్లాడే లోపు పిన్నే అంది.

“ఎందుకు నాయనా? మీ అమ్మది తెలీని సావు. నాది తెలిసిన సావు. నా ఒడిలో పోనాడు. నాకేటీ అనుమానం లేదు.”

చేతులు తనే చాపింది. వదిన చేతి గాజుల కోసం అంతకాలం కాపలా కాసిన మనిషి భార్య, తన గాజులు తీయడానికి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

మగవాళ్ళ క్షవరాలు ఇంకో పక్క. మంగలి బీహారు మనిషి, జంగ్లీఘాట్‌లో కొట్టు ఉంది. యువరాజ్‌కు తలా, మీసమూ తీశాడు. తరువాత నేను కూర్చున్నాను. తల అయింది, గడ్డం అయింది. కత్తి తుడుచుకుంటూ మీసం మాట అడిగాడు.

“చాచా, మూఛ్ భీ?”

నా వెనక నుంచి గవరయ్య, తండ్రి ఉన్నాడని చెప్పాడు. “మూఛ్ నహీ భయ్యా. ఇన్‌కా బాప్ హై.”

మంగలి చేయి ఆగింది. నా ముడతలు పడ్డ మెడనూ, ఛాతీ మీద తెల్లబడ్డ వెంట్రుకలనూ చూశాడు.

“ఇన్‌కా బాప్? కహాఁ హై?”

ఎవరో గడ్డంతో సముద్రం వైపు చూపించారు. అతను పాపం నిజంగానే అటు తిరిగి చూశాడు. దూరంగా వానలో ఒక మరపడవ పోతోంది. మళ్ళీ నా వైపు తిరిగాడు, ఏం చేయమంటావన్నట్టు.

“నికాల్ దో” అన్నాను, తీసెయ్యమని.

గవరయ్య ముందుకొచ్చాడు. “ఏటిది సరంగు బావా? బొమ్మ కాల్చనేదు, కర్మ అవనేదు. మీ అయ్య ఉన్నట్టే.”

“ఉన్నాడు. కాల్చను.”

“మరి మీసం ఒవరికి తీస్తన్నావు?”

“సిన్నాన్నకి.”

“రేపు మీ అయ్యొచ్చి అడిగితే ఏటి సెప్తావు?”

“నీ తమ్ముడు పోయాడని చెప్తాను. మీసం దాందేముంది గవరయ్యా, మొలుస్తాది.”

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు. గవరయ్య కాసేపు తల గోక్కున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నట్టు అన్నాడు: “నిప్పు పట్టొద్దన్నాను. మీసం మాట నానేటీ అన్నేదు.” మంగలికి చేత్తో సైగ చేశాడు, కానీయమని.

కత్తి రెండు వైపులా దిగింది. మీసం వచ్చిన నాటి నుంచి ఎండ తగలని పై పెదవికి సముద్రపు గాలి తగిలి చల్లబడింది. స్నానానికి నీళ్ళలోకి దిగబోయాను. యువరాజ్ ఒక రెక్క, గవరయ్య ఒక రెక్క పట్టుకుని దించారు. మూడుసార్లు మునగాలి. రెండోసారికే ఆయాసం వచ్చి ఆగిపోయాను. వాళ్ళు తొందరపెట్టలేదు. నీళ్ళలో ముగ్గురం అలాగే కాసేపు నిలబడ్డాం.